అమ్మకపు ప్రకటనలో గజాలు ఏవి?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం క్లాసిఫైడ్స్‌లో చిక్కడపల్లి, నల్లకుంట, బర్కత్‌పుర, విద్యానగర్ పేర్ల కింద వచ్చే సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ల ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. "580 చ.అ., ఈస్ట్ ఫేసింగ్, సెకండ్ ఫ్లోర్, మంజీర, బోరు, క్లియర్ టైటిల్, మెట్రో దగ్గర, లోన్ వచ్చును." ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. కొనేవాళ్లకు అసలు కావలసినవి మాత్రం మూడు కనబడవు. స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే వాటా ఎన్ని గజాలు? కట్టడానికి ఏ సంవత్సరం అనుమతి వచ్చింది? అమ్ముతున్న అంతస్తు ఆ అనుమతి ప్లానులో ఉందా? ముప్పై నలభై ఏళ్ల కట్టడంలో ధర నిలబడేది ఈ మూడింటి మీదే. పత్రిక తలుచుకుంటే ప్రకటన ఫారంలో మూడు గళ్లు ఎక్కువ పెట్టించడం పెద్ద పని కాదు. ఆ మాట అడగడానికే ఈ ఉత్తరం.

ముందు గజాల సంగతి. ఒకే వీధిలో 560 చదరపు అడుగుల ఫ్లాట్లు రెండు అమ్మకానికి ఉన్నాయనుకోండి. రెండింటికీ 32 లక్షలే చెబుతున్నారు. అడుగు లెక్కన చూస్తే రెండూ 5,714 రూపాయలే, తేడా లేదు. దస్తావేజులు తెరిస్తే మొదటిదానికి అవిభాజ్య వాటా (యూడీఎస్, అంటే స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే భాగం) 32 గజాలు, రెండోదానికి 18. అంటే మొదటిచోట గజం లక్షకు పడుతోంది, రెండోచోట లక్షా 78 వేలకు. గోడలకు ఏటేటా వయసు పెరుగుతుంది, విలువ తరుగుతుంది. నేల విలువ అలా తరగదు. రేపు కట్టడం పడగొట్టి మళ్లీ కట్టాల్సి వస్తే బిల్డరు మీ హాల్లో వేసిన టైల్స్ లెక్క పెట్టడు, గజాలే లెక్క పెడతాడు.

ఆ 580 చదరపు అడుగుల అంకె కూడా సేల్ డీడ్‌లో ఉన్న ప్లింత్ ఏరియాయే (గోడల మందంతో సహా లెక్కించినది), చాలాసార్లు మెట్లు, కారిడార్ కలిపి రాసినది. టేపు పట్టి గోడ నుంచి గోడకు కొలవండి. హాలు 11×15, పడకగది 11×12, వంటగది 7×9, బాత్రూమ్ 4×7, బాల్కనీ 3.5×11 వస్తే అన్నీ కలిపి 426 అడుగులు. కాలు పెట్టగలిగిన నేల అదే. 580కి 426 అంటే పాత కట్టడాల్లో సాధారణమే, మోసమేమీ కాదు. 350 వస్తే మాత్రం అడగాలి.

ఇక అంతస్తు. పై అంతస్తులో చవగ్గా దొరుకుతోందంటే ముందు అనుమానించాల్సింది ప్లానునే. ఒక లెక్క చేసి చూడండి. 400 గజాల స్థలం, గ్రౌండ్ ప్లస్ మూడుకు అప్పటి మున్సిపల్ కార్పొరేషన్ అనుమతి, మొత్తం 12 ఫ్లాట్లు. ఒక్కో ఫ్లాటుకు 33 గజాల చొప్పున రాస్తే 396 అక్కడే అయిపోయాయి. తర్వాత బిల్డరు అనుమతి లేకుండా నాలుగో అంతస్తు లేపి మూడు ఫ్లాట్లు తలా 25 గజాలతో అమ్మాడు. మొత్తం 471. ఉన్నది 400. ఆ 71 గజాలు కాగితం మీద తప్ప భూమ్మీద లేవు. ఆ మూడు ఫ్లాట్లకూ రిజిస్ట్రేషన్ అయి ఉంటుంది, పన్ను రసీదు ఉంటుంది, కరెంటు మీటరు ఉంటుంది. అవేవీ అనుమతి కావు. పన్ను రసీదు చూపించి "జీహెచ్ఎంసీయే ఒప్పుకుంది" అనేవాళ్లు చాలామంది. పన్ను కట్టించుకోవడం వేరు, కట్టడాన్ని ఒప్పుకోవడం వేరు.

ఈ కూడిక చేయడం కష్టమేమీ కాదు. ఫ్లాటు నంబరుతో కాకుండా మొత్తం ఇంటి నంబరు మీద ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే అందులో ఫ్లాట్ల దస్తావేజుల నంబర్లన్నీ వరసగా కనిపిస్తాయి. వాటిలో షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు, ఉన్న పేజీ చూసి గజాలు కూడండి, మొత్తం స్థలానికి ఉన్న పాత మాతృ దస్తావేజులోని కొలతతో పోల్చండి. పెంట్‌హౌస్ ఉంటే దాన్నీ కలపండి. డాబా అందరిదీ. దాన్ని ఒక్కరికి అమ్మినట్టు రాసి ఉంటే అది రేపటి తగాదా.

అనుమతికి మించి కట్టినవాటిని క్రమబద్ధం చేసుకోమని 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), 2015లో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) వచ్చాయి. బీపీఎస్‌లో డబ్బు కట్టి తుది ప్రొసీడింగ్స్ చేతికి తెచ్చుకున్న ఫ్లాటు వేరు, దరఖాస్తు రసీదు ఒక్కటి ఫైల్లో పెట్టుకున్నది వేరు. "బీఆర్ఎస్ అయింది" అంటే ఏ కాగితమో చూపించమనండి. రసీదు చూపిస్తే కాలేదని అర్థం. రెరా (కొత్త ప్రాజెక్టుల నమోదు) నంబరు అడగడం మాత్రం అనవసరం. ఆ కాలపు కట్టడాలకు అది ఉండదు. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా అరుదే. అందుకే మంజూరైన ప్లాను కాపీ దొరక్కపోతే బేరం అక్కడే ఆపడం మేలు.

ఈసీ విషయంలో మరో రెండు మాటలు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ సైట్లో 1983 నుంచి జరిగినవే దొరుకుతాయి. అంతకు ముందటివి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించి తీయించాలి. ఈ పేటల్లో ఇంటి నంబర్లు మారాయి. పాత నంబరు, కొత్త నంబరు రెండింటి మీదా, డాక్యుమెంట్ నంబరు మీదా విడివిడిగా వెతకకపోతే "నిల్" వస్తుంది, అది చూసి సంబరపడతారు. ఇంకోటి, ఈసీలో రిజిస్టర్ అయినవే కనబడతాయి. వీలునామా, నోటరీ అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా కనబడవు. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కూడా ఒక్కోసారి కనబడదు. అందుకు 2011లో మొదలైన సెర్సాయ్ రిజిస్ట్రీ ఉంది, బ్యాంకుల తాకట్లు నమోదయ్యేది అక్కడే. కొద్దిపాటి రుసుం కట్టి ఎవరైనా వెతకొచ్చు. అమ్మేవారి దగ్గర ఒరిజినల్ లేదు, కలర్ జిరాక్స్ ఉందంటే ముందు అక్కడ చూడాలి.

నారాయణగూడ, కాచిగూడ వైపు స్థలాల మాతృ దస్తావేజులు ఉర్దూలో ఉండటం మామూలే. తేదీలు నిజాం కాలపు ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే రమారమి మన సంవత్సరం వస్తుంది, 1355 ఫస్లీ అంటే 1945-46. అనువాదం చేయించకుండా "పాతది కదా" అని వదిలేస్తే హద్దులు కలవని సంగతి బ్యాంకు లాయరు పట్టుకునేదాకా తెలియదు. అప్పటికి బయానా (అడ్వాన్సు) ఇచ్చేసి ఉంటారు.

ఈ ఫ్లాట్లలో ఎక్కువ చిక్కు తెచ్చేది వారసుల దగ్గర. 1980లలో కొన్న పెద్దాయన వీలునామా రాయకుండా పోయారు. భార్య, ఇద్దరు పిల్లలు సంతకం పెడతామంటారు, సరిపోయిందనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం ఆయన పోయేనాటికి ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ వీళ్లతో సమాన వాటా ఉంది. ఆమె కూడా తర్వాత పోతే ఆ వాటా ఆమె సంతానానికి, అంటే పెద్దాయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా వెళుతుంది. కాబట్టి మరణ ధ్రువపత్రం మీద తేదీ చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, "అప్పటికి వారి అమ్మగారు ఉన్నారా?" అడగడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఎవరెవరున్నారో చెబుతుంది, హక్కును తేల్చదు. వాటాదారులందరూ సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా చేరడమే దారి. పెళ్లయిన ఆడపిల్లను సాక్షిగా సంతకం పెట్టించి ముగించే అలవాటు ఇంకా పోలేదు. సాక్షి సంతకం వాటాను వదులుకున్నట్టు కాదు.

వాటాదారుల్లో ఒకరు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండటం ఇప్పుడు ఇంటింటి సంగతి. అక్కడ నోటరీ ముందు రాసి అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించిన పవర్ ఆఫ్ అటార్నీయో, భారత కాన్సులేట్‌లో రాయించినదో ఇక్కడికి రావాలి. వచ్చిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించి వ్యాలిడేషన్ చేయించాలి. గడువు దాటనివ్వొద్దు. అందులో ఫ్లాటు నంబరు, గజాలు, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం విడివిడిగా రాసి ఉండాలి. "నా ఆస్తి వ్యవహారాలన్నీ" అని గుండుగుత్తగా రాసినదాన్ని సబ్ రిజిస్ట్రార్ తిప్పి పంపుతారు. పన్ను కూడా గుర్తుంచుకోవాలి. అమ్మేవారు ఇక్కడే ఉంటే 50 లక్షల లోపు బేరానికి టీడీఎస్ (కొనేవారు ధరలోంచి పట్టి కట్టే పన్ను) ఉండదు. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే ఆ 50 లక్షల మినహాయింపు వర్తించదు, ఇక్కడివారికి పట్టే ఒక శాతం రేటూ వర్తించదు, ఇంకా ఎక్కువ పట్టాలి. పట్టకపోతే ఆదాయపు పన్ను శాఖ కొన్నవారినే అడుగుతుంది. తక్కువ పట్టేలా అమ్మేవారు ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంటు గడువు 90 రోజులు పెట్టుకోవడం నయం.

కాగితాలు సరిగా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు తల పైకెత్తండి. వాస్తు చూడటానికి దిక్సూచి తెచ్చుకునేవాళ్లే గానీ సుత్తి తెచ్చుకునేవాళ్లు తక్కువ. పావుకిలో సుత్తి చాలు. బాత్రూమ్, వంటగది, బాల్కనీ స్లాబుల్ని అడుగు అడుగుకూ మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు టంగుమంటుంది. లోపల విడిపోయినది డొల్లగా డబడబలాడుతుంది. బాత్రూమ్‌కు కొత్తగా ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక విప్పించి చూడందే ఒప్పుకోవద్దు. అందానికి వేసి ఉండొచ్చు, దాచడానికీ వేసి ఉండొచ్చు.

పెచ్చులు ఎందుకు ఊడతాయంటే, కాంక్రీటులోని క్షార గుణమే లోపలి చువ్వలకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి చేరుతూ ఆ గుణాన్ని చంపుతుంది. పాత స్లాబుల్లో చువ్వ మీద కాంక్రీటు మందం 15, 20 మిల్లీమీటర్లే, చాలాచోట్ల మేస్త్రీ అదీ ఉంచలేదు. ఆ ప్రభావం చువ్వదాకా వచ్చి, పై బాత్రూమ్ నుంచి చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, కింది కాంక్రీటును నెట్టేస్తుంది. అందుకే ముందు చువ్వ వెంబడి సన్నని గీతలాంటి పగులు, ఆపైన గోధుమరంగు మరక, చివరికి పెచ్చు. పరీక్ష చవకైనదే. చిన్న ఉలితో అప్పుడే చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, మంచి కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది, చచ్చినది రంగు మారదు. రంగు రాని పొర చువ్వను దాటి లోపలికి వెళ్లిందంటే మరమ్మతు ఒక్క బాత్రూమ్‌తో ఆగదు.

అమ్మకానికి ముందు చాలామంది చేయించేది పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి గిలాబు చేసి రంగు వేయడం. రెండు వానాకాలాలు నిలుస్తుంది. సరైన పని ఇలా ఉంటుంది: చువ్వ వెనక కూడా 20-25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా చెక్కాలి, వైరు బ్రష్షుతో తుప్పు మెరిసేదాకా రుద్దాలి, జింక్ ప్రైమర్ పూయాలి, చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునేలా పూసే బాండింగ్ కోటు తడి ఆరకముందే పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా కొట్టాలి. ఇదంతా చేసినా పైనుంచి నీరు ఆగకపోతే బూడిదలో పోసిన పన్నీరే.

ఆ నీరు ఎక్కడిదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. పై ఫ్లాటు వారిని అడిగి వాళ్ల బాత్రూమ్ నహానీ ట్రాప్‌లో (నేల మీద నీరు పోయే కంతలో) గుడ్డ కుక్కి, రెండంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టాలి. కింద తడి పెరిగితే లోపం వాళ్ల నేలలో. పెరగకపోతే చాలావరకు డక్టులోని (పైపులు దిగే సందులోని) నిలువు పైపులో, అంటే సొసైటీ ఖర్చు. పాత బాత్రూముల్లో స్లాబు కిందికి దించి ఇటుక ముక్కలతో నింపి ఉంటారు. ఆ నింపుడు స్పాంజిలా నీరు పీల్చుకుని పెట్టుకుంటుంది కాబట్టి పైన కొళాయి కట్టేసినా వారం పది రోజులు కింద కారుతూనే ఉంటుంది. "నేను వాడటం లేదు, నాది కాదు" అనే పైవారు అబద్ధమాడకపోవచ్చు. టైల్స్ కీళ్లలో తెల్ల సిమెంటు రుద్దితే ఇది ఆగదు. టైల్స్ లేపి, నింపుడు తీసి, రెండు కోట్లు వాటర్‌ప్రూఫింగ్ వేసి, గోడలకు అడుగు ఎత్తు పైకి లాగి, మళ్లీ నీరు నిలబెట్టి చూశాకే పైన టైల్స్ వేయాలి.

నేల కూడా చూడండి. షాబాదు బండల మీదో మొజాయిక్ మీదో టైల్స్ అతికిస్తే నేల అంగుళంన్నర, రెండంగుళాలు లేస్తుంది. హాలు లేపి బాత్రూమ్ లేపకపోతే ఫర్వాలేదు. బాల్కనీ నేల కూడా లేపి గడపను అలాగే వదిలేసిన చోట గాలివానకు నీరు హాల్లోకే వస్తుంది. ఇక గోడలు. గ్రౌండ్ ప్లస్ రెండు కట్టడాల్లో కొన్నింటికి పిల్లర్లు ఉండవు, తొమ్మిదంగుళాల గోడలే బరువు మోస్తాయి. హాలు పెద్దది చేయడానికి కింది ఫ్లాటులో ఎవరైనా గోడ తీశారేమో కింది తలుపు తట్టి చూడటమే మార్గం. మన ఫ్లాటు ఎంత బాగున్నా దాన్ని మోసేది వాళ్ల గోడ.

పైపులు జీఐవి (జింకు పూత ఇనుపవి) అయితే పైకి బాగానే కనిపిస్తాయి, లోపల తుప్పు పేరుకుని రంధ్రం పెన్సిలంత అయిపోతుంది. వంటగది కొళాయి పూర్తిగా తిప్పి బాత్రూమ్ కొళాయి కూడా తెరవండి. మొదటిది సన్నగిల్లిందంటే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. కరెంటు సంగతి క్లుప్తంగా. బోర్డులో కిట్‌కాట్ ఫ్యూజులు, గోడలో అల్యూమినియం వైరు, ఎర్తు లేని రెండు తీగలు కనిపిస్తే మొత్తం మార్పించడమే. ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, షాక్ కొట్టకుండా కరెంటు ఆపే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించాలి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఒక కిలోవాటే ఉంటే అదనపు లోడ్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.

నీటి విషయంలో "మంజీర, బోరు" అన్న రెండు మాటలతో ఏమీ తేలదు. సంపు ఎంత? మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన 12 ఫ్లాట్లకు, నలుగురేసి మనుషులకు 6,480 లీటర్లు. నీరు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో సంపు 13,000 లీటర్లు పట్టాలి. అంతకు తగ్గితే వేసవిలో ట్యాంకరు వస్తుంది, దాని ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్ల పథకంలో ఆ ఫ్లాటు పీటీఐఎన్ (ఇంటిపన్ను గుర్తింపు) నంబరు, ఆధార్ అనుసంధానం అయ్యాయా, మీటరు తిరుగుతోందా అన్నది సొసైటీ బిల్లు చూస్తే తెలుస్తుంది. సొసైటీ మినిట్స్ పుస్తకం కూడా అడిగి చదవండి. అమ్మేవారు చెప్పని డ్రైనేజీ గొడవ అందులో తేదీలతో సహా ఉంటుంది.

అశోక్‌నగర్ నుంచి నల్లకుంట మీదుగా మూసీలోకి పోయే హుస్సేన్‌సాగర్ నాలా పక్కన గ్రౌండ్ ఫ్లోర్ కొనేవాళ్లు 2020 అక్టోబరు వానకు నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఎదురింటి కిరాణా షాపులో అడగండి. అల్మారా వెనక గోడ మీద మరక ఉంటుంది, కరెంటు మీటర్లు ఎత్తుకు మార్చి ఉంటారు. "మెట్రో దగ్గర" అనేదీ నిజమే. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు 2020 ఫిబ్రవరి 7న తెరిచారు. స్టేషనుకు లిఫ్టు ఉంది, ఈ కట్టడాల్లో చాలావాటికి లేదు. అరవై దాటినవారికి మూడో అంతస్తు ఎంత చవగ్గా వచ్చినా ఖరీదే.

డబ్బు లెక్క చివర్లో చూస్తారు, ముందే చూడాలి. 32 లక్షల బేరం. బ్యాంకు వాల్యుయేషన్ పాత కట్టడమని 28 లక్షలే వచ్చింది, అందులో 80 శాతం ఇస్తామన్నారు. అప్పు 22.4 లక్షలు. మిగతా 9.6 లక్షలు చేతి నుంచి. తెలంగాణలో 2021 జూలైలో పెంచిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం, అంటే 2,40,000. ఇంటి ధర పది లక్షలు దాటితే ఈ ఖర్చును అప్పు లెక్కలో కలపనివ్వరు. అంటే మరమ్మతు మొదలవకముందే చేతిలో 12 లక్షలు ఉండాలి. పైగా కట్టడానికి ఇంకా ఎన్నేళ్లు ఆయుష్షు ఉందో బ్యాంకు ఇంజినీరు రాసేదాన్ని బట్టి అప్పు తీర్చే గడువు తగ్గుతుంది, నెల కిస్తీ పెరుగుతుంది. "కొంత క్యాష్ ఇవ్వండి" అన్న మాట వస్తే, స్థిరాస్తి బేరంలో 20,000, అంతకు మించి నగదు తీసుకున్నవారికి ఆ మొత్తమంతా జరిమానా పడుతుందని అమ్మేవారికే గుర్తు చేయండి.

అగ్రిమెంటులో ఒక్క షరతు వదలొద్దు: బ్యాంకు లాయరు హక్కులో లోపం చూపించి అప్పు ఇవ్వనంటే బయానా ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని. బజారులో దొరికే నమూనాల్లో ఇది ఉండదు, కొనేవారు వెనక్కి తగ్గితే బయానా పోతుందన్నది మాత్రం తప్పకుండా ఉంటుంది.

పత్రికకు మరో విన్నపం. మీరు అచ్చువేసే పబ్లిక్ నోటీసుల్లో "చిక్కడపల్లిలోని ఫ్లాటును మా క్లయింటు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో" అన్నంతవరకే ఉంటున్నవి చాలా వస్తున్నాయి. అభ్యంతరం ఉన్నవారికి అది తమ ఫ్లాటని ఎలా తెలుస్తుంది? ఫ్లాటు నంబరు, అంతస్తు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, గజాలు, నాలుగు హద్దులు లేని నోటీసును తీసుకోవద్దు. అమ్మకపు ప్రకటనలో ఆ మూడు గళ్లూ పెడితే ఒక్కో ప్రకటనకు ఆరేడు మాటలు పెరుగుతాయి: "యూడీఎస్ 32 గజాలు, అనుమతి 1988, ప్లానులో ఉంది." ఈస్ట్ ఫేసింగ్‌కు చోటు చాలకపోతే దాన్ని తీసేయండి, తూర్పు ఎటో వెళ్లినవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు, ఒక దస్తావేజు లేఖరి
నల్లకుంట, హైదరాబాద్